హాజరు పట్టీలో నేను రాసిన ఉరుకుంద

సోమవారం పొద్దున మా బడి తలుపు తీస్తే ముందు రోజు ఆరాధన వాసన ఇంకా ఉండేది. ఆముదం రాసుకున్న తలలు, కనకాంబరాలు, పెట్టెలోంచి తీసి కట్టుకున్న చీరలు, అన్నీ కలిసిన వాసన. ఆదివారం అది గుడి, మిగతా రోజులు బడి. గది ఒకటే. శనివారం సాయంత్రం పిల్లలు నల్లబల్ల మీద ఎక్కాలు తుడిచి పాటల నంబర్లు రాసేవాళ్లు. సోమవారం పొద్దున ఆ నంబర్లు తుడిచి మళ్ళీ ఎక్కాలు రాసేవాళ్లు. ఒకసారి తుడవడం మరిచిపోతే పాస్టరయ్య పదమూడో ఎక్కం ముందు నిలబడి ప్రసంగం చేశారు. వెనక కూర్చున్న పిల్లలు ప్రసంగం వదిలేసి ఎక్కం చదువుకున్నారు. మర్నాడు అందరూ తప్పు లేకుండా అప్పజెప్పారు కాబట్టి నేను ఎవరినీ కోప్పడలేదు.

ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి ఇంటికి వచ్చాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి, పిల్లల్ని ఎలా అదుపులో పెట్టాలి, ఇన్స్‌పెక్టరు వస్తే ఏం చూపించాలి అని అడుగుతారు. పిల్లలు వాళ్లంతట వాళ్లే అదుపులోకి వస్తారు, రాకపోతే మనమే వాళ్ల అదుపులోకి పోతాం, అదేం పెద్ద విషయం కాదు. ఇన్స్‌పెక్టరుకు మజ్జిగ ఇస్తే చాలు. నేను చెప్పాలనుకున్నది వేరే. మొదటి ఏడాదిలో నేను చేసిన ఒక తప్పు ఉంది. నా ఉద్యోగమంతా ఆ తప్పు నేర్పిన పద్ధతిలోనే చేశాను.

పెద్దయ్యవారు

మాది ఆదోని. నాన్న దూది మిల్లులో పని చేసేవాడు. మిల్లు కూతతో లేచి, మిల్లు కూతతో తిని, మిల్లు కూతతో పడుకునే ఇల్లు మాది. ట్రెయినింగు ముగించుకుని, ఇరవై ఏళ్ల వయసులో, ఎమ్మిగనూరు బస్సులో సగం దూరం వచ్చి, అక్కడినుంచి నల్లరేగడి బాటలో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి ఆ పల్లెకు చేరాను. పల్లె పేరు రాయను. అక్కడివాళ్ల మనవళ్లు ఇది చదివే అవకాశముంది. అప్పటికి మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారి ఏడాది కూడా కాలేదు. బడి గోడ మీద పటంలో మాత్రం మేము ఇంకా బళ్ళారిలోనే ఉన్నాం.

ఊరికి పడమట క్రైస్తవుల వాడ, దాన్ని గేరి అనేవాళ్లు. అందరూ కూలి పనికి పోయేవాళ్లే. గేరి చివర మట్టి మిద్దె, దాని ముందు వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అదే గుడి గంట, అదే బడి గంట. ఊళ్లోని చిన్నరైతుల పిల్లలు కూడా మా దగ్గరే చదివేవాళ్లు. వాళ్లూ మా పాటలు పాడేవాళ్లు, మా పిల్లల జొన్నరొట్టెలో వాళ్ల ఉల్లిగడ్డ కారం కలిసిపోయేది. అయిదో తరగతి దాకా ఇద్దరమే పంతుళ్లం. ఒకరు నేను, రెండోవారు యోహాను అయ్యవారు. అందరూ పెద్దయ్యవారు అనేవాళ్లు. తలకు రుమాలు, చేతిలో ఈతబెత్తం. ఆ బెత్తంతో ఆయన ఎవరినీ కొట్టగా నేను చూడలేదు, కోళ్లను తోలడం మాత్రం చూశాను.

ఆయన మీద నాకు మొదట గౌరవం లేదు. హాజరు పట్టీలో పిల్లవాడు రాని రోజు కారణం రాయడానికి ఒక గడి ఉండేది. ఆయన ఆ గడిలో ఏ పిల్లవాడికైనా ఒకే మాట రాసేవాడు. ఒంట్లో బాగలేదు. కలుపుకు పోయినా అదే, మేనమామ పెళ్లికి పోయినా అదే, ఊరికే చెట్టెక్కి కూర్చున్నా అదే. ఆ పట్టీ చూస్తే మా ఊళ్లో ఏడాది పొడుగునా అంటువ్యాధులే అనిపించేది. ప్రార్థన చేసే నోటితో ఇన్ని అబద్ధాలా అనుకున్నాను. నేను మాత్రం ఉన్నదున్నట్టు రాస్తానని నిశ్చయించుకున్నాను. ఇరవై ఏళ్లకు ఉండే గర్వం అలాంటిది.

పలక మీద వాక్యం

ఆ గేరిలో ఒక ఆచారం ఉండేది. నాకు ఇప్పటికీ అంతకంటే మంచి చదువు పద్ధతి తెలియదు. పెద్దవాళ్లకు చదువు రాదు. అందుకని శుక్రవారం సాయంత్రం పిల్లలందరూ పలక మీద ఆ వారం వాక్యం రాసుకుని, తుడవకుండా ఇంటికి పట్టుకుపోవాలి. చొక్కాకు రాసుకుని చెరిగిపోతుందని పలకను ముఖం బయటికి పెట్టి, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నడిచేవాళ్లు. వాన వస్తే గోనెపట్టా పలక మీద కప్పి వాళ్లు తడిసేవాళ్లు. ఇంట్లో తల్లి ఆ వాక్యం చూడకుండా చెప్పగలిగే దాకా పలక కడగకూడదు. తర్వాత వారమంతా ఆడవాళ్లు శెనక్కాయ చేలో కలుపు తీస్తూ, సాలు ఈ కొస నుంచి ఒకరు, ఆ కొస నుంచి ఒకరు ఆ వాక్యం అప్పజెప్పుకునేవాళ్లు. ఆదివారం గుడిలో నిలబడి చెప్పేవాళ్లు. ఏ వాక్యం పంపాలో ఎంచే పని కొత్తగా నాకు అప్పగించారు.

అందరికంటే బాగా చెప్పేది ఎలిసమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయి. మొగుడు యాకోబు జ్వరంతో పోయి నాలుగేళ్లు. ఒక్కటే కూతురు, బడిలో రూతమ్మ, ఇంట్లో ఈరమ్మ. ఎలిసమ్మకు అక్షరం రాదు గానీ గొంతు ఉంది. గుడిలో ప్రతి పాటా ఆమే ఎత్తుకోవాలి. మిగతావాళ్లు ఎత్తితే ఒకరు గోడ దగ్గర, ఒకరు గడప దగ్గర ఆగిపోయేవాళ్లు. ఆమె ఎత్తుకుంటే నలభైమందీ ఒకే తోవన నడిచేవాళ్లు. ఆ గొంతు తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఆ గదిలోకి పోయి కూర్చోవాలనిపిస్తుంది.

రూతమ్మ అయిదో తరగతి. నేను చూసిన పిల్లల్లో అంత శ్రద్ధగా చదివేది ఇంకొకతె లేదు. వచ్చే జూన్‌లో ఆదోనిలో మా సంఘంవాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో చేర్చాలని పెద్దయ్యవారు, నేను అనుకున్నాం. దానికి ఒక షరతు ఉంది. ఈ పిల్ల తల్లి ప్రభువు బల్లలో పాలుపొందే మనిషే, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే హక్కున్న మనిషే అని పాస్టరు ఉత్తరం రాసివ్వాలి. ఎలిసమ్మ విషయంలో ఆ ఉత్తరానికి ఏం అడ్డం వస్తుందని మేమిద్దరం నిశ్చింతగా ఉన్నాం.

శ్రావణ సోమవారం

ఆగస్టులో ఒక వారం, బడి నేల అలకడానికి తలా ఒక తట్ట ఎర్రమట్టి తెస్తామని పిల్లలు మాట ఇచ్చి ఒక్కడూ తేలేదు. నాకు మండింది. ఆ శుక్రవారం కావాలనే వెతికి ఒక వాక్యం ఎంచాను. దేవుడికి మొక్కుకున్న మాట ఆలస్యం చేయకుండా తీర్చాలని చెప్పే వాక్యం. పిల్లలు పలకలు గుండెలకు ఆనించుకుని పోయారు. శనివారం మట్టి వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వెంటనే వచ్చిన సోమవారం, దగ్గర్లోని ఉరుకుందలో ఈరన్న స్వామి జాతర. ఊరంతా బండ్లు కట్టుకుని పోయింది. గంట కొడితే తొమ్మిదిమంది వచ్చారు. రానివాళ్లలో ఏడుగురు మా గేరి పిల్లలు. క్రైస్తవులు జాతరకు పోకూడదన్నది సంఘం కట్టడి. నేను కలం తీసి, ఆ ఏడుగురి ఎదుట కారణం గడిలో ఉరుకుంద అని రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను.

మర్నాడు ఆరుగురు బత్తాసులు నములుతూ, బూరలు ఊదుకుంటూ వచ్చారు. రూతమ్మ నున్నని గుండుతో వచ్చింది. పెద్దయ్యవారు ఆ గుండు చూశాడు, నా పట్టీ చూశాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“సుగుణమ్మా, గది ఒకటే గానీ పుస్తకాలు రెండు. ఈ పట్టీ బడిది. పిల్లోడు వచ్చినాడా, రాలేదా అని అడుగుతాది. యాడికి పోయినాడని సంఘం అడుగుతాది, బడి అడగదు. అడగనిది నువ్వెందుకు సెప్తావు?”

“ఆ గడి ఉంది కదా అయ్యవారూ. నేను అబద్ధం రాయలేను.”

“నిజమే రాసినావులే తల్లీ,” అని పట్టీ మూసేశాడు. ఆయనే దిద్దెయ్యవచ్చు. దిద్దలేదు. నేను రాసింది నేనే దిద్దుకోవాలని అనుకున్నాడేమో, తర్వాత ఎప్పుడూ అడగలేదు.

పాస్టరయ్య

నా పైఅధికారుల గురించి ఉన్నమాట చెప్పాలి. పాస్టరయ్య చెడ్డవాడు కాదు. ఆదోని నుంచి ఆ గతుకుల బాటలో సైకిలు తొక్కుకుంటూ నెలకొకసారి వచ్చేవారు. గేరిలో వాంతులు విరేచనాలు వచ్చిన ఏడాది, రోగుల పక్కన కూర్చుని ఉప్పునీళ్లు తాగించారని అందరూ చెప్పేవాళ్లు. కానీ ఆయనకు పైవాళ్లంటే భయం. భయం ఉన్న మంచివాడి చేతికి కాగితం దొరికితే చెడ్డవాడికంటే ఎక్కువ చేస్తాడు. ఇది నా ఉద్యోగం మొత్తంలో నాలుగైదుసార్లు చూశాను.

సెప్టెంబరులో ఆయన బడి తనిఖీ చేస్తూ పట్టీ తెరిచారు. ఏడు ఉరుకుందలూ వరసగా కనబడ్డాయి. ఆ ఏడు ఇళ్లనూ బల్లకు దూరం పెట్టారు. ఆరు ఇళ్లవాళ్లు ఆయన ఆదోనికి తిరిగిపోకముందే వచ్చి, పిల్లలు బూరల కోసం ఏడిస్తే పోయినామని, తప్పయిందని చెప్పి లోపలికి వచ్చేశారు. ఎలిసమ్మ మాత్రం రాలేదు.

సంగతి గేరిలో అందరికీ తెలుసు, నాకే తెలియదు. రూతమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి. అప్పటికి వాళ్లు ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. బిడ్డ బతికితే తల వెంట్రుకలు ఇస్తానని యాకోబు ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. ఆ తర్వాత వాళ్లు సంఘంలో కలిశారు. మొక్కు తీర్చకుండానే యాకోబు పోయాడు. దూరం పెట్టినవాళ్లు ఆరాధన జరిగేటప్పుడు గడప బయట కూర్చోవాలి. ఎలిసమ్మ ప్రతి ఆదివారం వచ్చి, కొంగు నెత్తిన కప్పుకుని, చెప్పులు విడిచే చోట కూర్చునేది. నేను ఆమెను దాటుకుని లోపలికి పోయేదాన్ని.

కోతల పండుగ

జనవరిలో కోతల పండుగ వచ్చింది. గది నిండా జొన్నకంకులు, శెనక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఎలిసమ్మ చేటెడు కొర్రలు తెచ్చి గడప మీద పెట్టి బయటే కూర్చుంది. హాస్టలు ఉత్తరానికి అదే ఆఖరి అవకాశం. పెద్దయ్యవారు పాస్టరయ్య చెవిలో ఏదో చెప్పాడు. రొట్టె విరిచే ముందు పాస్టరయ్య గుమ్మం దగ్గరికి వచ్చారు.

“ఎలిసమ్మా, పోవడం తప్పు అని ఒక్క మాట అను. లోపలికి వస్తావు, పాపకు ఉత్తరమూ రాస్తాను.”

“తప్పని ఎట్ల అనేది పాస్టరయ్యా? నా మొగుడు మాట ఇచ్చి పోయినాడు. ఆ మాట నేను తీర్చినా.”

“నిన్ను పొమ్మని చెప్పింది ఎవరు?”

ఎలిసమ్మ తల ఎత్తింది. గది లోపలికి, సరిగ్గా నేను కూర్చున్న చోటికి చూసింది. పట్టీలో రాసినందుకు నన్ను తప్పుపడుతోందని అనుకుని తల దించుకున్నాను.

“ఎవురూ సెప్పల్యా. నా అంతట నేనే పోయినా.”

పాస్టరయ్య వెనక్కి వచ్చేశారు. రొట్టె విరిచే ముందు పాట పాడాలి. నల్లబల్ల మీద నంబరు ఉంది. ఎవరూ ఎత్తుకోలేదు. ఒకాయన గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. పాస్టరయ్య పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డారు. అప్పుడు బయట, చెప్పుల మధ్య నుంచి ఎలిసమ్మ పాట ఎత్తుకుంది. లోపల ఉన్న నలభైమందీ ఆ గొంతు వెనక నడిచారు. పాస్టరయ్య కూడా పాడారు. ఆ పాటతోనే రొట్టె విరిచారు, ఆ పాటతోనే అందరికీ పంచారు, ఆ పాట పాడిన మనిషికి తప్ప.

నా చేతిలో పెట్టిన ముక్కను నేను మింగలేకపోయాను. పిడికిట్లో దాచుకున్నాను. ఆరాధన అయిపోయి అందరూ కోళ్ల వేలం దగ్గర మూగితే బయటికి పోయి ఆమె ముందు కూర్చుని పిడికిలి తెరిచాను. అప్పటికి ఏడుస్తున్నాను కూడా.

“ఎలిసమ్మా, ఇది నీదే. తీసుకో. నేను రాయబట్టే నీకిట్లా అయింది.”

ఆమె ఆ ముక్కను చూసింది. నా వేళ్లు ఒక్కొక్కటిగా మళ్ళీ మూసింది.

“నువ్వే తిను టీచరమ్మా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, మొగం పీక్కపోయింది. నువ్వు రాసినందుకు నాకేం కోపం ల్యా. జరిగిందే రాసినావు. అయినా నన్ను పొమ్మనింది నీ వాక్యమే గదమ్మా.”

“నా వాక్యమా?”

“పాప పలక మీద తెచ్చింది గదా. మొక్కు ఆలిస్యం సేయొద్దని. నాలుగేండ్లు రేయీ పగలూ యోచన సేస్తాంటి, పోవాల్నా వద్దా అని. ఆ పలక సూసి, దేవుడే సెప్పినాడులే, ఆయప్ప మాట తీర్సి వద్దామని పోతి. నీ పేరు సెప్తే పాస్టరయ్య నిన్ను పన్లోనుంచి తీసేస్తాడు. అందుకే అనల్యా.”

పంపింది నేను. పట్టిచ్చింది నేను. అక్షరం రాని ఆ మనిషి నా వాక్యాన్ని నాకంటే నిజంగా నమ్మింది, నమ్మి చేసింది, చేసినందుకు గడప బయట కూర్చుని, నన్ను గడప లోపల ఉంచింది.

“నాకు రొట్టె వద్దు,” అంది లేస్తూ. “పాపకు సదువు సెప్పు.”

పొద్దున పూట బడి

ఆ రాత్రే పాస్టరయ్యకు ఉత్తరం రాశాను, వాక్యం నాదని. ఆయన జవాబు రాయలేదు. పై నెల వచ్చినప్పుడు సైకిలు గోడకు ఆనిస్తూ, “ఆ సంగతి నీకూ నాకూ మధ్యనే ఉండనీ అమ్మా,” అన్నారు. పైవాళ్లకు అప్పటికే రిపోర్టు పోయింది. నన్ను తీసేయలేదు, ఆమెను లోపలికి రానివ్వలేదు. గట్టిగా నిలబడి అందరిముందూ చెప్పాల్సింది. చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పాస్టరయ్య భయం గురించి పైన అన్ని మాటలు రాశాను కదా, నాది కూడా ఇక్కడ రాయడం న్యాయం.

జూన్‌లో రూతమ్మ హాస్టలుకు పోలేదు. నేను పొద్దున గంటకు ముందు ఆమెను బడికి రమ్మన్నాను. ఏడాది పాటు, తల్లి చేనికి పోయే వేళకు పిల్ల నా దగ్గరికి వచ్చేది. ఆరో తరగతికి కావాల్సిన లెక్కలు నేను బాగానే చెప్పాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. రాత్రి నేను నేర్చుకున్నది పొద్దున ఆమెకు చెప్పేదాన్ని, కొన్నిసార్లు ఆమే ముందు నేర్చుకుని నాకు చెప్పేది. జుట్టు పెరిగి రెండు జడలకు వచ్చేసరికి ఎమ్మిగనూరు హైస్కూల్లో పరీక్ష రాసి ఆరో తరగతిలో చేరింది. అక్కడ ఎవరి ఉత్తరమూ అడగలేదు. ఎలిసమ్మ చెల్లెలు అక్కడ మగ్గాల ఇంట్లో కండెలు చుట్టేది. ఆ ఇంట్లో ఉండి, మగ్గాల చప్పుడులో చదువుకుని పిల్ల పైకి వచ్చింది.

మూడేళ్ల తర్వాత కొత్త పాస్టరు వచ్చారు. కుర్రవాడు. మొదటి ఆదివారమే గుమ్మం దగ్గర ఆగి, “ఇక్కడ కూర్చున్నావేం అమ్మా, లోపలికి రా,” అన్నారు. అంతే, అంత సులువుగా తీరిపోయింది. మూడేళ్లు మేమంతా ఏం చేస్తున్నామో నాకు అర్థం కాలేదు. ఎలిసమ్మ లోపలికి పోయి రొట్టె తీసుకుని, మళ్ళీ వచ్చి గడప దగ్గరే కూర్చుంది. అడిగితే, “ఈడ గాలి బాగుంది,” అంది. ఆ తర్వాత కూడా మా గుడిలో పాట గడప దగ్గరనుంచే మొదలయ్యేది. పెద్దయ్యవారు పోయిన రోజు కూడా అక్కడినుంచే పాడింది. ఆయన చేతిబెత్తం నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో కోళ్లు లేవు.

ఆ రోజు తర్వాత నేను ఏ పట్టీలోనూ పిల్లలు ఎక్కడికి పోయారో రాయలేదు. ఏ వాక్యమైనా, ఏ పాఠమైనా పంపేముందు, ఆ ఇంట్లో దీన్ని నిజంగా నమ్మి చేస్తే ఏమవుతుందని ఒక నిమిషం ఆలోచించేదాన్ని. కొత్త పంతులమ్మలకు నేను చెప్పగలిగేది ఇంతే.

మద్దికెర దారిలో

రూతమ్మ కూడా టీచరే అయింది. నేను ఉద్యోగం విడిచిన ఏడాది, మద్దికెర దారిలో ఆమె పనిచేసే ఊరికి పోయాను. బడి వసారాలో ఎలిసమ్మ కాళ్లు చాపుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. పళ్లు లేవు గానీ గొంతు అట్లే ఉంది. రూతమ్మ పిల్లలకు నీళ్లు తాగే గంట కొట్టడానికి పోయింది. అలవాటు కొద్దీ నేను బల్ల మీద ఉన్న హాజరు పట్టీ తెరిచాను. ఆ సోమవారం ముగ్గురు రాలేదు. ముగ్గురి ఎదుటా, పలక మీద నేను నేర్పిన గుండ్రటి అక్షరాలతో ఒకటే మాట ఉంది. ఒంట్లో బాగలేదు.

నా కళ్లు మసకబారాయి. అద్దాలు తీసి తుడుచుకున్నాను.

“ఏం టీచరమ్మా,” అని బయటనుంచి కేకేసింది ఎలిసమ్మ. “ఆ బుక్కు నీ సేతికొస్తే నాకు బయం. మళ్ళా ఏమన్నా రాస్తాండావా?”

“లేదు ఎలిసమ్మా. చదువుతున్నాను. ముగ్గురు పిల్లలకు ఒంట్లో బాగలేదంట.”

ఆమె పొట్టు ఊదేసి, నోరంతా తెరిచి నవ్వింది.

“శ్రావణ సోమారం గదమ్మా. ఒంట్లో యాడ బాగుంటాది!”